మాలీ దేశపు నంబరు నుంచి వచ్చిన ఫోను ఎత్తాను, ఇప్పుడు నా ఫోను సురక్షితమేనా?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

అందరికీ నమస్కారం. మొన్న మంగళవారం తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషాలకు నా ఫోను మోగింది. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అక్కడ అప్పటికే తెల్లవారి ఉంటుంది కనుక, వాడికి ఏమైందోనన్న ఆదుర్దాతో కళ్లజోడైనా పెట్టుకోకుండా ఫోను ఎత్తాను. అవతలి నుంచి మాట లేదు, ఎవరో గదిలో మసులుతున్నట్టు చిన్న అలికిడి మాత్రం వినిపించింది. "నువ్వేనా నాన్నా?" అని నాలుగైదుసార్లు అడిగాక లైను తెగిపోయింది. దీపం వేసి చూస్తే నంబరు +223తో మొదలైంది, మాట్లాడిన సమయం 41 సెకన్లు అని ఉంది. అది ఆఫ్రికాలోని మాలీ దేశపు కోడ్ అని పక్కింటి కుర్రవాడు చెప్పాడు.

ఉదయం ఒక మిత్రుడు పంపిన వాట్సాప్ సందేశంలో, ఇలాంటి విదేశీ ఫోను ఎత్తితే మూడు సెకన్లలో కాంటాక్టులూ బ్యాంకు వివరాలూ కాపీ అయిపోతాయని ఉంది. నా పింఛను ఖాతా, ఆధార్, గ్యాస్ అన్నీ ఈ నంబరుకే ముడిపడి ఉన్నాయి. భయపడి ఫోను ఆపేసి బీరువాలో పెట్టాను, రెండు రోజులుగా మా ఆవిడ ఫోనే వాడుతున్నాను. ఫోనులో ఉన్నదంతా తుడిచి రీసెట్ చేయించాలా, లేక సిమ్ మార్చాలా? కాలం చేసిన మా అమ్మగారి గొంతు రికార్డింగు ఒకటి అందులోనే ఉంది, అది పోతుందేమోనన్న దిగులు కూడా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: టెలికాం ఇంజినీరు, హైదరాబాద్

మాస్టారికి నమస్కారం. ముందుగా బీరువాలోంచి ఫోను బయటకు తీయండి. రీసెట్ అక్కరలేదు, అమ్మగారి గొంతు ఎక్కడికీ పోదు.

మామూలు ఫోను కాల్‌లో అటూ ఇటూ ప్రయాణించేది గొంతు మాత్రమే. మీ కాంటాక్టులు, ఫోటోలు, బ్యాంకు యాప్ ఆ దారిలోకి రావు, ఎత్తినంత మాత్రాన అవతలివారికి అందవు. మూడు సెకన్ల కథ చాలా ఏళ్లుగా తిరుగుతున్న పుకారు. ఒక్కోసారి బెలారస్ కోడ్ +375, లాత్వియా కోడ్ +371 పేర్లు చెబుతారు, #90 నొక్కవద్దని కూడా జతచేస్తారు. ఆ 90 సంగతికి మాత్రం ఒక మూలం ఉంది. పూర్వం కొన్ని పెద్ద కార్యాలయాల సొంత ఎక్స్‌చేంజీలలో 9 నొక్కితే బయటి లైను దొరికేది కనుక, ఉద్యోగిని మాయచేసి ఆ అంకెలు నొక్కించి, ఆ కార్యాలయం ఖర్చుతో దూరదేశాలకు మాట్లాడుకునేవారు. మొబైలు ఫోనుకు దానితో సంబంధం లేదు.

ఇక మీకు వచ్చిన కాల్ ఏమై ఉంటుందంటే, యంత్రం వరుసగా వేల నంబర్లకు ఫోను చేస్తూ ఏది వాడుకలో ఉందో చూసుకుంటుంది. మీరు ఎత్తారు కనుక మీ నంబరు పనిచేస్తోందని వారికి తెలిసి ఉంటుంది, రాబోయే రోజుల్లో ఇలాంటి కాల్స్ మరికొన్ని రావచ్చు. మరో రకం ఉంది, దాన్ని జపాన్‌వారి మాటలో వాంగిరి అంటారు, అంటే ఒక్కసారి మోగించి కోసేయడం. ఆ మిస్డ్ కాల్ చూసి మనం తిరిగి ఫోను చేస్తే నిమిషానికి భారీ ధర పడే నంబరుకు కలుస్తుంది, ఆ సొమ్ములో వారికి వాటా వెళుతుంది. ఇన్‌కమింగ్ కాల్ ఎత్తినందుకు మన ఊళ్లో మీకు పైసా ఖర్చు కాదు, కాని తిరిగి చేస్తే బ్యాలెన్స్ కరిగిపోతుంది. అబ్బాయేమోనని మీరుగాని, మీ ఆవిడగారుగాని ఆ నంబరుకు తిరిగి చేశారా? అదొక్కటి చెప్పండి.

సమాధానం: గృహిణి, హనుమకొండ

మాస్టారూ, ఇంజినీరు గారు చెప్పినది నిజం. అయితే మా పెద్దమ్మ విషయంలో నష్టం ఆ మొదటి కాల్ వల్ల జరగలేదు, దాని తరువాత పుట్టిన భయం వల్ల జరిగింది. ఆమెకూ ఇలాగే మాట లేని విదేశీ కాల్ ఒకటి వచ్చింది. ఆ మర్నాడు మధ్యాహ్నం టెలికాం శాఖ నుంచి అంటూ ఒకతను చక్కటి తెలుగులో మాట్లాడి, "మీ ఫోను హ్యాక్ అయింది, రెండు గంటల్లో నంబరు ఆగిపోతుంది" అన్నాడు. రెండు కాల్స్‌కూ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు, కాని ఆమె అప్పటికే బెదిరిపోయి ఉన్నందువల్ల వెంటనే నమ్మింది. ఆమె ఫోను తెర తనకు కనిపించేలా చేసే యాప్ ఒకటి వేయించి, ఓటీపీ తన కళ్లముందే రప్పించుకున్నాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి పెద్దమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుని, తెర మీద కదులుతున్న అంకెలను చూస్తూ కూర్చుంది. ఆ చేతులు వణకడం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేయడం వల్ల కొంత సొమ్ము ఆగింది, మిగిలింది పోయింది.

కనుక మీకు సాయం చేస్తామంటూ ఎవరైనా తమంతట తాము ఫోను చేస్తే, ఎంత మర్యాదగా మాట్లాడినా, పెట్టేయండి. టెలికాం శాఖ ఫోను చేసి నంబరు ఆపేస్తామని బెదిరించదు.

సమాధానం: సాఫ్ట్‌వేర్ భద్రతా నిపుణుడు, బెంగళూరు

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక్క మాట చేర్చాలి, ఎందుకంటే "కాల్ వల్ల ఎప్పుడూ ఏమీ కాదు" అని ఖాయంగా చెప్పలేం. 2019లో వాట్సాప్ కాల్స్‌లో ఉన్న ఒక లోపం వల్ల, అవతలివారు ఎత్తకపోయినా వారి ఫోనులోకి పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్‌ను చొప్పించగలిగారు, దాదాపు 1,400 మందిని అలా లక్ష్యం చేసుకున్నారు. వారిలో పాత్రికేయులు, హక్కుల కార్యకర్తలు ఉన్నారు, మన దేశస్థులూ ఉన్నారు. 2023 మార్చిలో గూగుల్ పరిశోధకులు శాంసంగ్ ఎక్సినోస్ మోడెమ్‌లలో, అంటే ఫోనును నెట్‌వర్క్‌కు కలిపే చిప్‌లలో, 18 లోపాలు బయటపెట్టారు, వాటిలో నాలుగింటి ద్వారా దాడి చేయడానికి ఫోను నంబరు తెలిస్తే చాలు. ఇవి ఎంతో ఖర్చు పెట్టి, ఎంచుకున్న మనుషుల మీద వాడే ఆయుధాలు, అర్ధరాత్రి వేలమందికి వెళ్లే కాల్స్‌లో వాడరు. వాటికి తలుపు మూసేది అప్‌డేట్ ఒక్కటే. మాస్టారు సెట్టింగ్స్‌లోకి వెళ్లి సిస్టమ్ అప్‌డేట్, వాట్సాప్ అప్‌డేట్ చేసుకుంటే చాలు. వాట్సాప్‌లో తెలియనివారి కాల్స్ మోగకుండా ఆపే సదుపాయం 2023 నుంచి ఉంది, అదీ పెట్టుకోండి. అబ్బాయి వాడే నంబర్లన్నీ ముందు కాంటాక్టులలో చేర్చుకోండి, లేకపోతే అతని కాల్ కూడా మోగదు.

కాల్ ఫార్వర్డింగ్ కూడా ఒకసారి చూడండి. ఫోనులో ఏదో కోడ్ నొక్కించి, మన కాల్స్ తమ నంబరుకు మళ్లించుకుని, కాల్‌లో వచ్చే ఓటీపీ వినే మోసం జరిగింది. స్టార్ 401తో మొదలయ్యే ఆ కోడ్ దారిని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికాం శాఖ ఆ మార్చిలో ఆదేశించింది.

ప్రశ్న అడిగినవారు, తెనాలి

మీ అందరికీ ఎంతో కృతజ్ఞుడను. మేము తిరిగి ఫోను చేయలేదు. ఈ రోజు ఫోను తెరిచి అప్‌డేట్ చేసుకున్నాను. పింఛను ఖాతా పాసుపుస్తకం బ్యాంకులో నమోదు చేయించాను, తేడా ఏమీ లేదు. అమ్మ రికార్డింగు మా అబ్బాయికి పంపాను, వాడు ఫోనులో మాట్లాడలేక కొద్దిసేపు ఆగిపోయాడు. అయితే ఫార్వర్డింగ్‌లో "అందుబాటులో లేనప్పుడు" అన్నచోట నేను ఎరుగని ఒక నంబరు కనిపిస్తోంది. దాన్ని చూసి మళ్లీ గుండె గుభేలుమంది.

సమాధానం: టెలికాం ఇంజినీరు, హైదరాబాద్

మాస్టారూ, కంగారు పడకండి. ఫోను ఆపి ఉన్నప్పుడు వచ్చిన కాల్స్‌ను మెసేజ్ రూపంలో తెలియజేయడానికి, కంపెనీయే సాధారణంగా తన నంబరును అక్కడ పెడుతుంది. మీ ఆవిడగారి సిమ్ కూడా అదే కంపెనీదైతే ఆ ఫోనులోనూ అదే చోట చూడండి, అదే నంబరు ఉంటే అది కంపెనీదే. వేరే పది అంకెల మొబైలు నంబరు ఉంటే మాత్రం అక్కడే డిసేబుల్ నొక్కి, మీ కంపెనీ కస్టమర్ కేర్‌కు మీరే ఫోను చేసి అడగండి. మాలీ నంబరు సంగతి టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలోని చక్షు అనే విభాగంలో ఫిర్యాదు చేయవచ్చు, తేదీ, సమయం కాల్ జాబితాలో ఉంటాయి కనుక ఆ వరుసను అప్పటిదాకా చెరపకండి.