కౌంటర్ అబ్బాయి డబ్బులు కొట్టేశాడని మా అందరి జీతాలూ ఆపేశారు, ఏం చేయాలి?

ర్యాక్ నంబర్ 6:
అందరికీ నమస్తే. ఖమ్మంలో ఒక సూపర్ మార్కెట్‌లో పప్పులు, నూనెల సెక్షన్‌లో రెండేళ్ల నుంచి చేస్తున్నాను. జీతం 13,500. మా రెండో కౌంటర్‌లో ఉండే అబ్బాయి నాలుగు నెలలుగా బిల్లులు క్యాన్సిల్ చేసి డబ్బులు జేబులో వేసుకుంటున్నాడట. బిల్లు అడగకుండా సంచి పట్టుకుని వెళ్లిపోయే పెద్దవాళ్లు వస్తే క్యాష్ తీసుకుని, వాళ్లు గుమ్మం దాటగానే సిస్టమ్‌లో ఆ బిల్లు లేపేసేవాడు. స్టాక్‌లో నూనె ప్యాకెట్లు తగ్గుతున్నాయని ముందు మమ్మల్నే అనుమానించారు, రాత్రి ఇంటికెళ్లేటప్పుడు బ్యాగులు వెతికారు, నా టిఫిన్ డబ్బా మూత కూడా తీయించారు. ఆ అబ్బాయి ఫోన్ స్విచాఫ్ చేసి ఊరొదిలి పోయాక గానీ అసలు సంగతి బయటపడలేదు. లక్షా ఎనభై వేలు పోయాయంటున్నారు.

ఇప్పుడు ఓనర్ సార్ ఏమంటున్నారంటే, మీ ఎనిమిది మందికి తెలియకుండా ఇది జరగదు, తెలిసీ చెప్పలేదు కాబట్టి మీరూ దొంగలే, లెక్క తేలేదాకా ఎవరికీ జీతం లేదు అని. ఇవాళ 19, పోయిన నెల జీతం ఇంకా రాలేదు, ఇంటి అద్దె కట్టలేదు. నిన్న ఒక కాగితం తెచ్చారు, షార్టేజీకి అందరం బాధ్యులం, నెలకు 3,000 కోసుకోవచ్చు అని రాసుంది. ముగ్గురు సంతకం పెట్టేశారు. మా ఆయన్ని అడిగి చెప్తానని నేను తప్పించుకున్నాను. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, జీతం సగం ఫోన్‌పేలో, సగం చేతికిస్తారు. ఇలా కోసుకోవచ్చా అసలు?

బంకు అన్న:
సంతకం మాత్రం పెట్టకు చెల్లెమ్మా. నేను పెట్రోల్ బంకులో 11 ఏళ్లు చేశా. డ్యూటీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మీటర్ రీడింగ్ రాసుకుంటాం, నా నాజిల్‌లో తక్కువొస్తే నేను కట్టా, అది న్యాయం. ఒకసారి పక్కోడు పారిపోతే వాడిది కూడా ఆరుగురికి పంచారు, పాత ఓనర్ కదా అని మొహమాటపడి నేనూ పెట్టా సంతకం. నాలుగు నెలలు కోశారు. తర్వాత వాడి వాళ్లు సగం డబ్బు తెచ్చి కట్టారట, మాకు పైసా తిరిగి రాలేదు.

లేబర్ కేసుల గుమస్తా:
కోసుకోకూడదు. 1936 నాటి జీతాల చెల్లింపు చట్టం స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది, అందులోనూ పాత మాటే: నీ చేతికి అప్పగించిన సరుకు గానీ, నువ్వు లెక్క చెప్పాల్సిన డబ్బు గానీ నీ నిర్లక్ష్యం వల్ల పోతేనే నీ జీతంలో కోయాలి. అది కూడా ముందు నీ సంజాయిషీ అడిగాకే. నువ్వు కౌంటర్ ముట్టుకోలేదు, ఆ డబ్బుకూ నీకూ సంబంధం లేదు. నెల జీతం తర్వాతి నెల 7 లోపు ఇవ్వాలి, లెక్క తేలేదాకా ఆపడం అనేది అందులో లేదు. సంతకం పెట్టిన ముగ్గురికీ చెప్పు, రావాల్సిన జీతం వదులుకుంటున్నానని రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు.

కిరాణా కొట్టు:
నాకూ చిన్న మార్ట్ ఉంది, ఓనర్ బాధ నాకు తెలుసు, లక్షా ఎనభై అంటే చిన్న షాపుకి ఏడాది మిగులు పోయినట్టే. కానీ నాకు అర్థం కానిది ఒకటి. బిల్లు క్యాన్సిల్ కొట్టాలంటే మా సాఫ్ట్‌వేర్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, రాత్రి క్లోజింగ్‌లో క్యాన్సిల్ అయిన బిల్లుల రిపోర్ట్ కూడా వస్తుంది, నేను అది చూడకుండా షట్టర్ దించను. మీ వాడికి పాస్‌వర్డ్ ఎవరిచ్చారు? నాలుగు నెలలు ఆ రిపోర్ట్ ఎవరూ చూడలేదా?

ర్యాక్ నంబర్ 6:
అన్నా మీరడిగాక గుర్తొచ్చింది. పాస్‌వర్డ్ ఓనర్ గారి బావమరిది దగ్గర ఉంటుంది, మేనేజర్ ఆయనే. ప్రతిసారీ లేచి రావడం బద్ధకమై చిన్న చీటీ మీద రాసి కౌంటర్ మానిటర్ వెనక టేపుతో అంటించాడు. తుడిచే ఆంటీకి కూడా తెలుసు. మొన్న చూస్తే చీటీ లేదు, టేపు మరక మాత్రం ఉంది. ఆయన జీతం ఆపారో లేదో తెలీదు, సంతకాల కాగితం పట్టుకొచ్చింది మాత్రం ఆయనే.

కిరాణా కొట్టు:
హహ, అయితే కోయాల్సిన జీతం ఎవరిదో తెలిసింది.

లేబర్ కేసుల గుమస్తా:
అమ్మా, ఈ ముక్క గొడవలో అరిచి చెప్పకు, దాచుకో. ముందు ఓనర్‌కి వాట్సాప్‌లో మర్యాదగా రాయి: సార్, పోయిన నెల జీతం 13,500 రాలేదు, ఎందుకు ఆపారో చెప్పండి అని. ఆయన షార్టేజీ అని జవాబిస్తే అదే నీకు సాక్ష్యం. లెటర్ లేకపోయినా ఫోన్‌పేలో పడ్డ జీతాలు, వేలిముద్ర హాజరు, డ్యూటీ గ్రూపు మెసేజ్‌లు చాలు. ఇవన్నీ పట్టుకుని అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లు. చాలాసార్లు అక్కడి నుంచి ఒక ఫోన్ వెళ్తేనే జీతం వచ్చేస్తుంది. రాకపోతే క్లెయిమ్ వేయాలి, మూడేళ్ల దాకా టైముంది, జీతం ఇచ్చానని రుజువు చూపించాల్సింది ఓనరే. లాయర్ ఖర్చు గురించి భయపడకు, ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది, 15100 కి ఫోన్ చేయి.

బంకు అన్న:
ఒక్కదానివే పోకు. ఇంకా సంతకం పెట్టనివాళ్లని తీసుకుపో. ఒక్కరు పోతే రేపు నిన్ను తీసేస్తారు, ఐదుగురు పోతే షాపు మూసుకోవాలి.

ర్యాక్ నంబర్ 6:
మెసేజ్ పెట్టాను. బ్లూ టిక్ పడింది, జవాబు లేదు. పది నిమిషాలకు మేనేజర్ ఫోన్ చేసి రేపు 5,000 ఇస్తాం, ఆ మెసేజ్ డిలీట్ చెయ్యి అన్నాడు. స్క్రీన్‌షాట్ తీసి మా ఆయన ఫోన్‌కి పంపాను. సోమవారం నలుగురం వెళ్తున్నాం, సంతకం పెట్టిన వాళ్లలో ఒకామె కూడా వస్తానంది. ఇంకొకటి అడగాలి, చేరేటప్పుడు నా టెన్త్ మెమో ఒరిజినల్ తీసుకున్నారు, అది కూడా అక్కడే అడగొచ్చా?

లేబర్ కేసుల గుమస్తా:
అడుగు. అదే అర్జీలో ఒక లైను రాయి.