ఎక్స్ఛేంజ్‌లో ముందు చెప్పిన ధరను డెలివరీకి ముందు తగ్గించారు, ఏం చేయాలి?

లాసన్స్ బే లెక్చరర్:

నమస్కారం. మా నాన్నగారి పేరున 2018 స్విఫ్ట్ పెట్రోలు కారు ఉంది. ఏపీ 31 రిజిస్ట్రేషన్, 46 వేల కిలోమీటర్లు తిరిగింది. దాన్ని ఇచ్చి నా పేరున కొత్త కారు తీసుకుందామని విశాఖ నగరంలోనే ఒక షోరూంకు వెళ్లాం. వాల్యుయేషన్‌కు వచ్చిన అబ్బాయి కారు చుట్టూ పది నిమిషాలు తిరిగి, ఫొటోలు తీసుకుని వెళ్లాడు. 4,35,000 వస్తుందని సేల్స్ ఆయన చెప్పారు. ఆ మాట మీద కొత్త కారుకు 21,000 అడ్వాన్సు కట్టాను.

మూడు వారాల తర్వాత కొత్త కారు వచ్చిందని ఫోను చేశారు. అదే ఫోనులో పాత కారుకు 3,60,000 మించి రాదన్నారు. ఎడమ వెనుక తలుపుకు మళ్లీ రంగు వేశారట, తలుపు అడుగున తుప్పు ఉందట, జీఎస్టీ తగ్గాక పాత కార్లను ఎవరూ అడగడం లేదట. రంగు వేయించిన మాట నిజమే. సెల్లారులో స్తంభానికి రాసుకుంటే ఇన్సూరెన్స్ జోలికి పోకుండా సొంత డబ్బుతో చేయించాం. ఆ సంగతి మొదటి రోజే చెప్పాను కూడా.

నాన్న పదవీ విరమణ డబ్బుతో కొన్న కారు అది. ప్రతి ఆదివారం ఆయనే కడిగేవారు. 75 వేలు తగ్గినందుకు కాదు, ఏదో దాచిపెట్టి అంటగట్టబోయినట్టు మాట్లాడినందుకు ఆయన బాధపడుతున్నారు. డెలివరీ వచ్చే శుక్రవారం. ఏం చేయమంటారు?

మురళీనగర్ పాత వాల్యుయేటర్:

అమ్మా, నేను తొమ్మిదేళ్లు ఆ ఉద్యోగమే చేశాను. మీ నాన్నగారికి ముందుగా ఒక మాట చెప్పండి. ఆయన తప్పేమీ లేదు, ఆయన కారులోనూ కొత్తగా బయటపడిన లోపం ఏదీ లేదు. రంగు మందం కొలిచే మీటరు ఆ అబ్బాయి చేతిలో మొదటి రోజే ఉండి ఉంటుంది. తలుపు సంగతి వాళ్లకు అప్పుడే తెలుసు.

ధర చివరి వారంలో ఎందుకు దిగుతుందంటే, అప్పటికి మీరు వెనక్కి వెళ్లలేరని వాళ్ల నమ్మకం. లోను మంజూరై ఉంటుంది, సంపత్ వినాయకుడి గుడిలో పూజకు రోజు కూడా అనుకుని ఉంటారు. కాబట్టి ముందుగా ఆ తొందరను పక్కన పెట్టండి. అవసరమైతే డెలివరీ వారం ఆలస్యం అవుతుందని మీరే చెప్పండి.

జీఎస్టీ మాట సగమే నిజం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై 28 శాతం పన్ను, దాని పైన ఉన్న సెస్సు పోయి 18 శాతం పన్ను మిగిలింది. కొత్త దాని ధర తగ్గితే పాత దాని ధర కూడా కొంత దిగుతుంది. కానీ మీకు 4,35,000 చెప్పిన రోజుకే ఆ మార్పు వచ్చేసింది. మూడు వారాల్లో కొత్తగా ఏం మారిందని అడగండి.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ఆ 4,35,000లో ఎక్స్ఛేంజ్ బోనస్, అంటే పాత కారు ఇచ్చి కొత్తది కొన్నందుకు అదనంగా ఇచ్చే మొత్తం, కలిసి ఉందా, విడిగా ఉందా? చాలామంది ఇక్కడే నష్టపోతారు. కొత్త కారు మీద తగ్గింపు, బోనస్, పాత కారు ధర అన్నీ ఒకే ముద్దగా చెబితే, ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో ఎక్కడ తీసుకున్నారో మీకు కనిపించదు. కొత్త కారు బేరం పూర్తిగా తెగాకే పాత కారు ఊసు ఎత్తాలి. మీ విషయంలో ఆ దశ దాటిపోయింది గనుక, మూడు అంకెలూ వేర్వేరుగా కాగితం మీద రాసి, ఎన్ని రోజుల వరకు చెల్లుతాయో కూడా రాసి, ముద్ర వేసి ఇమ్మనండి. తండ్రి పేరున ఉన్న కారు ఇచ్చి కూతురు పేరున కొంటే బోనస్ ఇవ్వడానికి బంధుత్వ రుజువు అడుగుతారు. ఏ పత్రం కావాలో ఇప్పుడే కనుక్కోండి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. ఇన్నేళ్లలో క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతానికి చేరి ఉంటుంది. అది కారుది కాదు, మీ నాన్నగారిది. కొత్త కారు కూడా ఆయన పేరునే ఉంటే, సొంత కారుకు జరిగే నష్టానికి కట్టే ప్రీమియంలో ఆ తగ్గింపు వస్తుంది. మీ పేరున తీసుకుంటే రాదు. కారు అమ్మాక ఆ బోనస్ ఉన్నట్టు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లేఖ అడిగి తీసుకోండి, మూడేళ్లు చెల్లుతుంది.

ఈలోపు ఇంకో ఇద్దరు ముగ్గురు కొనేవాళ్లకు పగటి వెలుగులో కారు చూపించండి. సర్వీసు బిల్లులు, రెండో తాళం దగ్గర పెట్టుకోండి. కొత్త టైర్లు వేయించకండి, ఆ ఖర్చు తిరిగి రాదు.

గాజువాక టింకరింగ్ షెడ్డు:

మేడం, లాసన్స్ బేలో సముద్రం పక్కనే ఉన్న కారుకు తలుపు అడుగున కాస్త తుప్పు లేకపోతేనే నేను అనుమానిస్తాను. తలుపు కింది అంచున నీరు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో మూసుకుపోతే ఉప్పు నీరు లోపలే నిలిచి, లోపలి నుంచి తింటుంది. పుల్లతో శుభ్రం చేసి, అడుగుభాగం మంచినీళ్లతో కడిగి చూడండి. రేకును వేలితో నొక్కితే గట్టిగా ఉంటే పైపై తుప్పే, దానికి 75 వేలు కోయడం అన్యాయం. ఇప్పుడు మాత్రం రంగు వేయించకండి. తాజా రంగు చూస్తే ఎవరైనా పెద్ద దెబ్బే తగిలిందనుకుంటారు.

ఎంవీపీ కాలనీ నివాసి:

ధర కంటే నాకు పెద్ద కష్టం ఆర్సీ వల్ల వచ్చింది. 2022లో పాత కారు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి, ఆర్సీలో పేరు మార్చే ఫాం 29, 30 మీద ఖాళీగా సంతకం పెట్టి వచ్చేశాను. ఎనిమిది నెలలు విజయవాడ నుంచి చలాన్లు నా ఫోనుకే వచ్చాయి. చలాన్లతో పోతే అదృష్టమే. ఆర్సీలో పేరున్న వ్యక్తే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత కూడా ఆ వ్యక్తిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధన ఉంది. రవాణా శాఖ అనుమతి ఉన్న పాత కార్ల డీలరుకు బండి అప్పగిస్తే ఫాం 29సి ద్వారా ఆ శాఖకు తెలియజేయాలి. ఆ తర్వాత జరిగే వాటికి బాధ్యత డీలరుదే. వాళ్లకు ఆ అనుమతి ఉందో లేదో అడగకుండా తాళాలు ఇవ్వకండి. కిలోమీటర్ల రీడింగు, తేదీ, సమయంతో అప్పగింత రసీదు కూడా తీసుకోండి.

లాసన్స్ బే లెక్చరర్:

అందరికీ కృతజ్ఞతలు. అంకెలు వేర్వేరుగా రాసివ్వమనగానే మేనేజరు గారే వచ్చారు. 4,35,000లో 25,000 బోనసే అని అప్పుడు తేలింది. అంటే కారుకు కట్టిన ధర మొదటి నుంచీ 4,10,000. చివరకు కారుకు 3,95,000 రాసిచ్చారు, బోనస్ వేరు. ఈలోపు అనుమతి ఉన్న మరో డీలరు కారు చూసి 4,28,000 ఇస్తామన్నారు. బోనస్ వదులుకుని అక్కడే ఇచ్చేశాం. షోరూంలో బోనస్‌తో కలిపినా 4,20,000 అయ్యేది, ఇక్కడ 8,000 ఎక్కువే వచ్చింది, నాన్న మాట పడాల్సిన పనీ తప్పింది. కొత్త కారు ఆయన పేరునే తీసుకుంటున్నాం.

ఫాం 29సి కాపీ ఫోనులో ఉంది. పేరు మారిందో లేదో వారానికోసారి చూస్తాను. నాన్న రెండో తాళం, ఏడేళ్ల సర్వీసు బిల్లులు వాళ్ల చేతిలో పెట్టి, తలుపు కింద ఆ రంధ్రాలు ఎక్కడున్నాయో వంగి మరీ చూపించి వచ్చారు.