పీసీఓఎస్‌కి కషాయాలు, పొడులు: ఎవరికి ఏం పనిచేసింది?

నల్లకుంట_రమ్య:
నాకు పీసీఓఎస్, అదే ఆడవాళ్లలో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య. డేట్ రెండు మూడు నెలలకోసారి వస్తుంది. డాక్టర్ మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర రాశారు. ఇప్పుడు మా అత్తయ్య బేగంబజార్‌లో మెంతులు, దాల్చిన చెక్క, పొడపత్రి, అతిమధురం కొట్టించి డబ్బా నిండా పొడి తెచ్చారు. "ఆ మాత్రలు మానేసి ఇది తాగమ్మా" అంటున్నారు. ఆవిడ మనసు నొప్పించలేను. వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మౌలాలి_పిల్ల:
నేను పుదీనా టీ తాగాను, గడ్డం మీద వెంట్రుకల కోసం. థ్రెడింగ్ మాత్రం మానలేదు, అదే పార్లర్, అదే ఏడుపు. తర్వాత చదివితే తెలిసింది. 2010లో స్పియర్‌మింట్ (ఒక రకం పుదీనా) టీ మీద ఒక పరీక్ష వచ్చింది. 42 మంది, రోజుకు రెండుసార్లు, నెల రోజులు. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తగ్గింది. డాక్టర్లు లెక్కేసిన వెంట్రుకల స్కోరు మాత్రం తగ్గలేదు. వెంట్రుక పెరిగి రాలడానికే నెలలు పడుతుంది కదా, నెల రోజుల్లో ఏం తేలుతుంది?

మందులషాపు_అన్న:
రమ్య గారూ, ఆ పొడిలో నాకు టెన్షన్ అతిమధురం గురించే. అందులోని గ్లైసిరైజిన్ వల్ల బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. టెస్టోస్టిరాన్ తగ్గిస్తుందని ఇటలీ వాళ్లు తొమ్మిది మంది ఆడవాళ్ల మీద చూపించారు, నిజమే. కానీ ఆ తొమ్మిది మందీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, పీసీఓఎస్ వాళ్లు కాదు. పొడపత్రి, మెంతులు రెండూ షుగర్ తగ్గించే రకం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోవడం అరుదు, కానీ గ్లైమిపిరైడ్ లాంటి వేరే షుగర్ మాత్రలు కూడా వాడేవాళ్లు జాగ్రత్త.

అత్తయ్య గారికి ఒక మాట చెప్పండి. మెట్‌ఫార్మిన్‌కి దారి చూపించింది కూడా మొక్కే. యూరప్‌లో గలేగా అనే మొక్కని పాతకాలంలో వాడేవారు. అందులోని పదార్థాల జాడ పట్టుకునే ఈ మందు దాకా వచ్చారు. 1957లో ఫ్రాన్స్‌లో జీన్ స్టెర్న్ అనే డాక్టరు దీన్ని షుగర్ రోగులకు ఇచ్చి, ఫలితాలు ప్రచురించారు. తేడా ఏమిటంటే, మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములో పైన రాసి ఉంటుంది. డబ్బా మీద ఏముంది?

సైనిక్‌పురి_లత:
మా వదిన అమెరికా నుంచి చేస్ట్‌బెర్రీ క్యాప్సూల్స్ పంపేది. అవి అయిపోయాక ఇక్కడ మూలికల షాపులో అడిగితే "అదేగా మేడమ్, వావిలి" అని ఎండు ఆకు పొట్లం కట్టాడు. రెండూ ఒకే కుటుంబం, కానీ మొక్కలు వేరు. చేస్ట్‌బెర్రీ అంటే వైటెక్స్ ఆగ్నస్ కాస్టస్, వాడేది పండు. మనది వైటెక్స్ నెగుండో. మా అమ్మమ్మ బాలింతలకు ఒళ్లునొప్పులు పోవాలని నీళ్లలో మరిగించేది ఆ ఆకే. ఇదే మాట షాపతనికి చెప్తే నవ్వేసి "పనిచేస్తే చాలు కదా" అన్నాడు. ఎలా పనిచేస్తుందండీ!

ఎస్సార్‌నగర్_సుధ:
నేను ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో చూపించుకున్నాను. స్కాన్, థైరాయిడ్, షుగర్ రిపోర్టులు చూశాకే మందు రాశారు. మామూలు మాత్రలు ఆపమనలేదు. దాల్చిన చెక్క గురించి ఒకటి: బజార్లో దొరికే మందపాటి, గట్టి చెక్క ఎక్కువగా కాసియా. అందులో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ చెంచాలకు చెంచాలు తింటే లివర్‌కి మంచిది కాదు. సిలోన్ రకం పల్చని పొరలు చుట్టినట్టు ఉంటుంది, వేలితో నొక్కితే విరిగిపోతుంది.

తార్నాక_అక్క:
పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఇది గమనించండి. బెర్బెరిన్, అదే మన మానుపసుపులో ఉండేది, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేసే విషయంలో మెట్‌ఫార్మిన్‌కి పోటీగా చిన్న పరీక్షల్లో బాగానే కనిపించింది. కానీ గర్భంతో ఉన్నప్పుడు వద్దు. డేట్ రాలేదని ఇంకో చెంచా కలుపుకునే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. మెట్‌ఫార్మిన్ వాడినా, బరువు తగ్గినా అండం విడుదల కావడం మళ్లీ మొదలవ్వొచ్చు, మనకి తెలియదు. అండం విడుదలకి పీసీఓఎస్ మీద 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు ముందు చెప్పేది లెట్రోజోల్ మాత్ర.

నల్లకుంట_రమ్య:
గలేగా కథ అత్తయ్యకి చెప్పాను. "అయితే ఆ మొక్క ఎక్కడ దొరుకుతుందే?" అన్నారు 😀 మాత్రలు మానను. పొడి పక్కన పెట్టాం, మెంతులు పప్పులోకి వేసుకుంటాం. పొద్దున థైరాయిడ్ మాత్ర కూడా ఉంది, మెంతుల వల్ల ఇబ్బందా?

మందులషాపు_అన్న:
పోపులో చిటికెడైతే ఏం కాదు. చెంచాడు నానబెట్టి తింటేనే, పీచు వల్ల మాత్ర సరిగ్గా ఒంటపట్టదు. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, మెంతులు మధ్యాహ్నం భోజనంలోకి మార్చండి.