బాపు యాంటీబయాటిక్స్ ఆపేసి గ్యాస్ గోళీ ఒక్కటే వేసుకుంటున్నాడు, అల్సర్ మానుతుందా?

సిరిసిల్ల_బిడ్డ

అందరికీ నమస్తే. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

మా బాపుకు 61 ఏళ్లు. సిరిసిల్లలో సాంచెలు (మరమగ్గాలు) నడుపుతాడు. పన్నెండు గంటల షిఫ్టు, అంతసేపూ నిలబడే ఉండాలి. ఎనిమిదేళ్ల నుంచి మోకాళ్ల నొప్పులు. షిఫ్టుకు పోయేముందు ఒక నొప్పి గోళీ, కడుపులో మండితే ఒక గ్యాస్ గోళీ. రెండూ చీటీ లేకుండానే మెడికల్ షాపులో తెచ్చుకునేవాడు. మంట ఎక్కువైన రోజు గ్యాస్ గోళీలు రెండు. ఇంట్లో ఎవరమూ పట్టించుకోలేదు, నేను కూడా. మా ఇంట్లో గ్యాస్ గోళీ ఉప్పూ పసుపూ లాంటిదే అయిపోయింది.

పోయిన నెల ఒకరోజు పొద్దున షిఫ్టు దిగి వచ్చి గడప దగ్గరే కూలబడ్డాడు. కళ్లు తిరుగుతున్నాయన్నాడు. అమ్మ గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు, మూడు రోజుల నుంచి విరేచనం తారులాగా నల్లగా, జిగటగా అవుతోందని. నేను హైదరాబాద్ నుంచి బయలుదేరి వెళ్లేసరికి కరీంనగర్‌లో అడ్మిట్ చేశారు. హిమోగ్లోబిన్ 7.4. రక్తం ఎక్కించవలసిందేనని రెండు బాటిళ్లు ఎక్కించారు. ఎండోస్కోపీలో చిన్నపేగు మొదట్లో పుండు కనిపించింది. అక్కడి నుంచే రక్తం కారిందట. హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా కూడా ఉందని రిపోర్టులో రాశారు.

డిశ్చార్జ్ చేసేటప్పుడు పద్నాలుగు రోజులకు మందులు రాశారు. పాంటోప్రజోల్ 40 (ఇదే గ్యాస్ గోళీ) రెండు పూటలా, యాంటీబయాటిక్స్ అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్. ఆ తర్వాత ఆరు వారాలు పాంటోప్రజోల్ ఒక్కటే. నొప్పి గోళీలు ముట్టుకోవద్దన్నారు.

మొన్న ఆదివారం ఇంటికి వెళ్లాను. బాపు అంగీలు మడతపెడుతుంటే అడుగున యాంటీబయాటిక్ స్ట్రిప్పులు దొరికాయి. లెక్కపెట్టి చూస్తే ఆరో రోజు నుంచి ఒక్కటీ వేసుకోలేదు. ఆపి పది రోజులైంది. పాంటోప్రజోల్ స్ట్రిప్పులు మాత్రం ఖాళీ, అదీ రాత్రి అన్నం తిన్నాక రెండూ ఒకేసారి వేసుకుంటున్నాడట. ఎందుకు బాపూ అంటే, "అవి ఏసుకుంటే నోరంత చేదైతున్నది బిడ్డా, ఇనుము నాకినట్టు. బువ్వ తినబుద్ధయితలేదు. గ్యాస్ గోళీ ఏసుకుంటున్న గదా, మంట పోయింది. మంట పోయిందంటే పుండు మానినట్టే" అన్నాడు. వచ్చే వారం నుంచి మళ్లీ సాంచెల మీదికి పోతానని, నొప్పి గోళీతో పాటు గ్యాస్ గోళీ వేసుకుంటే ఏమీ కాదని కూడా అంటున్నాడు.

మంట పోతే పుండు మానినట్టేనా? మిగిలిన యాంటీబయాటిక్స్ ఇప్పుడు వేయిస్తే సరిపోతుందా? నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి_మాస్టారు

అమ్మా, మీ నాన్నగారు గట్టెక్కినందుకు సంతోషం. నేను డాక్టర్ని కాదు, రిటైరైన లెక్కల మాస్టారిని. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా పెదనాన్నకు 1979లో ఇదే జబ్బు. అప్పట్లో ఇంత మంచి మందులు లేవు. గుంటూరులో కడుపు కోసి ఆపరేషన్ చేశారు. కారం తినడం వల్లే పుండు పడిందని, మనసులో దిగులు పెట్టుకోవడం వల్లేనని అందరూ అనేవారు. మిరపకాయల ఊళ్లో పుట్టి ఆయన పదిహేనేళ్లు చప్పిడి కూడు తిన్నాడు. పూటకో గ్లాసు పాలు తాగించేవారు. ఒక బ్యాక్టీరియా వల్ల కూడా పుండు వస్తుందని మాకెవరికీ తెలియదు. ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగి కడుపు వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ ఇచ్చారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు పెదనాన్న గుర్తొచ్చి మనసు బాధపడింది. పద్నాలుగు రోజుల మందుతో పోయేదానికి మనిషి సగం జీవితం ఇష్టమైన తిండి లేకుండా గడిపాడు. అందుకే చెబుతున్నాను, మీ నాన్నగారికి ఆ మందు చేతిలో ఉంది. వదలనివ్వకండి.

ఇంకోమాట. నేను అల్సర్ లేకుండానే, ఎవరూ చెప్పకుండానే, తొమ్మిదేళ్లు రోజూ ఓమెప్రజోల్ అనే గ్యాస్ గోళీ వేసుకున్నాను. అరికాళ్లు తిమ్మిర్లు మొదలైతే షుగర్ అనుకున్నాం. పరీక్ష చేస్తే బీ12 విటమిన్ బాగా తక్కువ. గోళీ ఆపమంటే ఆపాను. నాలుగో రోజుకు గొంతు దాకా మంట. నాకు జబ్బు ముదిరిందనుకుని మళ్లీ మొదలుపెట్టాను. తర్వాత డాక్టరుగారు చెప్పారు, ఏళ్ల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కడుపు కొన్నాళ్లు మామూలు కంటే ఎక్కువ ఆమ్లం పోస్తుందట. మెల్లగా తగ్గించి, రోజు విడిచి రోజు చేసి, రెండు నెలల్లో మానిపించారు. మీ నాన్నగారికి ఇప్పుడు ఆ గోళీ అవసరం, అది వేరే సంగతి. డాక్టర్ రాసిన గడువు పూర్తయ్యాక మాత్రం అలవాటుగా సాగదీయవద్దు.

మందుల_కౌంటర్

చెల్లీ, నేను ఫార్మసిస్టుని. పన్నెండేళ్లుగా ఒక ఆసుపత్రి మందుల కౌంటర్లో కూర్చుంటున్నాను. మీ బాపు అన్న మాట రోజుకు నలుగురి నోట వింటాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

మంట పోవడం వేరు, పుండు మానడం వేరు. పాంటోప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఆమ్లం తగ్గితే మంట కొద్ది రోజుల్లోనే పోతుంది. లోపల పుండు పూడటానికి వారాలు పడుతుంది. పైగా మీ బాపుకు పుండు రావడానికి కారణాలు రెండు కనబడుతున్నాయి. ఒకటి ఆ బ్యాక్టీరియా, రెండోది ఎనిమిదేళ్ల నొప్పి గోళీలు. గ్యాస్ గోళీ ఆ రెండింటిలో దేన్నీ తీసేయదు. పుండు మానేందుకు వ్యవధి మాత్రం ఇస్తుంది. బ్యాక్టీరియా అక్కడే ఉంటే గోళీ ఆపిన కొన్నాళ్లకు పుండు మళ్లీ లేస్తుంది, మళ్లీ రక్తం కారవచ్చు.

గోళీ వేసుకునే వేళ గురించి కూడా చెప్పాలి, ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. ఈ మందు కడుపులో పడి నేరుగా పనిచేసేది కాదు. దాని మీద ఒక పూత ఉంటుంది, కడుపులోని ఆమ్లానికి మందు పాడవకుండా. పేగులోకి పోయి కరిగి, రక్తంలో కలిసి, తిరిగి కడుపు గోడలో ఆమ్లం తోడే చిన్న మోటార్ల దగ్గరికి వస్తుంది. ఆ మోటార్లు తిండి పడినప్పుడే ఎక్కువ నడుస్తాయి, నడిచే మోటారునే మందు పట్టుకోగలదు. రక్తంలో మందు ఉండేది కొద్ది గంటలే. అందుకే పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు, రెండో పూట రాత్రి అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక రెండూ ఒకేసారి మింగితే సగం ఫలితం పోయినట్టే. నమలకూడదు, పొడి చేయకూడదు. మంట లేచినప్పుడు వేసుకునే మందు కూడా కాదిది, పూర్తి బలం చూపడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

ఇక మిగిలిన యాంటీబయాటిక్స్ సంగతి. దయచేసి అవి ఇప్పుడు మొదలుపెట్టించకండి. ఐదు రోజులు వేసి పది రోజులు ఆపేశారంటే బతికిన బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారై ఉండవచ్చు. క్లారిత్రోమైసిన్‌కు లొంగని రకం మన దేశంలో ముందే ఎక్కువ. ఎన్ని వేసుకున్నాడో, ఎప్పుడు ఆపాడో దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. స్ట్రిప్పులు పట్టుకెళ్లి చూపించండి. వేరే కాంబినేషన్ రాయవచ్చు, సాధారణంగా బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ ఉన్నది. అందులోనూ నోరు చేదవుతుంది, ముందే చెప్పి ఉంచండి. పద్నాలుగు రోజులకే అని తెలిస్తే మనిషి ఓర్చుకుంటాడు. చెప్పకుండా ఇస్తే మందు పడలేదనుకుని ఆపేస్తాడు. డిశ్చార్జ్ రోజున మీకు ఆ ఒక్కమాట ఎవరూ చెప్పినట్టు లేరు. మా కౌంటర్లో ఈ మందులు ఇచ్చేటప్పుడు స్ట్రిప్పు చేతికి ఇవ్వకముందే నేను చెప్పే మొదటి మాట అదే.

మెట్రోనిడజోల్ ఇస్తే ఆ రోజుల్లో, అయిపోయాక మూడు రోజుల దాకా కల్లు, సారా, బీరు ఏదీ వద్దు. టెట్రాసైక్లిన్ పాలతో వేసుకోకూడదు, మందు ఒంటికి పట్టదు. మాస్టారు గారు చెప్పిన పాల వైద్యం కూడా వద్దు. తాగిన కాసేపు చల్లగా ఉంటుంది, తర్వాత ఆమ్లం పెరుగుతుంది. బిస్మత్ వేసుకుంటే విరేచనం నల్లబడుతుంది, అది మందు రంగు. కానీ తారులా జిగటగా, దుర్వాసనతో ఉన్నా, కళ్లు తిరిగినా, నెత్తురు వాంతయినా మందు రంగే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

నొప్పి గోళీ గురించి గట్టిగా చెబుతున్నాను. రక్తం కారి నెల తిరగలేదు, మళ్లీ మొదలుపెట్టడానికి వీల్లేదు. గ్యాస్ గోళీ తోడుగా వేసినా ప్రమాదం తగ్గుతుందే తప్ప పోదు. ఇంజక్షన్ అయితే కడుపుకు ఏం కాదని కొందరంటారు, అదీ తప్పే. కడుపు గోడను కాపాడే జిగురు పొర తయారవకుండా ఈ మందు రక్తంలో నుంచే అడ్డుకుంటుంది. మోకాళ్లకు పారాసిటమాల్ అడగండి. స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాలు చదవండి. పారాసిటమాల్ అని పెద్దగా ఉండి పక్కనే ఎసిక్లోఫెనాక్ అనో, డైక్లోఫెనాక్ అనో, ఐబుప్రోఫెన్ అనో ఉంటుంది, అవే కడుపును దెబ్బతీసే నొప్పి మందులు. పారాసిటమాలే కొన్నాం అనుకుని ఇది తెచ్చుకుని మళ్లీ రక్తంతో వచ్చినవాళ్లను చూశాను.

గోదావరి_గట్టు

పైన అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఇంట్లో ఎవరైనా గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే, కడుపు మండుతోందని అవి మీ అంతట మీరు ఆపవద్దు. మా మామయ్యగారికి స్టెంట్ వేశాక ఓమెప్రజోల్ వాడుతుంటే గుండె డాక్టర్ చూసి పాంటోప్రజోల్‌కు మార్చారు. ఓమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుందట. అసలు ఆయనకు గుండెపోటు వచ్చిన రాత్రి మేమంతా గ్యాస్ అనుకున్నాం. ఛాతీలో మంట, ఒళ్లంతా చెమట, దవడ లాగేయడం. రెండు గంటలు సిరప్ తాగిస్తూ కూర్చున్నాం. ఆ రెండు గంటలు ఇప్పటికీ మర్చిపోలేను.

సిరిసిల్ల_బిడ్డ

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న బాపును తీసుకెళ్లి డాక్టర్‌కు స్ట్రిప్పులు చూపించాను. తిట్టలేదు, మందు మార్చారు. అక్క చెప్పిన కాంబినేషనే. మందులు అయిపోయాక పరీక్ష అన్నారు. పుండు మానాక పరీక్ష ఎందుకు, ఎప్పుడు చేయించాలి?

మందుల_కౌంటర్

బ్యాక్టీరియా నిజంగా పోయిందో లేదో మంటను బట్టి తెలియదు చెల్లీ, అందుకు. గొట్టంలోకి ఊదే బ్రెత్ టెస్ట్ గానీ, మల పరీక్ష గానీ చేస్తారు, మళ్లీ ఎండోస్కోపీ అవసరం రాకపోవచ్చు. యాంటీబయాటిక్స్ అయిపోయి కనీసం నాలుగు వారాలు గడవాలి. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి పాంటోప్రజోల్ ఆగి ఉండాలి, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు వస్తుంది. రక్తం కారిన మనిషి కాబట్టి ఏ రోజు ఆపాలో డాక్టరే చెప్పాలి. ఆపిన రోజుల్లో మంటగా ఉంటే ఏ సిరప్ వాడవచ్చో కూడా అప్పుడే అడిగి రాయించుకోండి.

సిరిసిల్ల_బిడ్డ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పద్నాలుగు రోజులు పూర్తయ్యాయి. ఒక్క గోళీ కూడా తప్పలేదు. అమ్మ క్యాలెండర్ మీద రోజుకు నాలుగు గీతలు గీసింది. పూటకు ఎన్ని వేసుకున్నాడో నేను వీడియో కాల్‌లో చూసేదాన్ని. నోరు చేదుకు బాపు రేగుపళ్లు చప్పరించాడు. కల్లు మానడం ఒక్కటే కష్టమైంది, వాకిట్లో కూర్చున్న స్నేహితులకు కూడా అమ్మే సర్దిచెప్పింది. ఐదో రోజు తెల్లవారుజామున విరేచనం నల్లగా అయిందని ఫోన్ చేస్తే నా గుండె ఆగినంత పనైంది. జిగట లేదు, కళ్లు తిరగడం లేదు. అయినా భయానికి రక్త పరీక్ష చేయించాం, హిమోగ్లోబిన్ 9.8 ఉంది. బిస్మత్ రంగే.

ఇప్పుడు పాంటోప్రజోల్ పొద్దున లేచి ముఖం కడుక్కోగానే వేసుకుని, అరగంట తర్వాత చాయ్ తాగుతున్నాడు. బ్రెత్ టెస్ట్ వచ్చే నెల 18న. షిఫ్టు ఆసామితో మాట్లాడి ఎనిమిది గంటలకు తగ్గించుకున్నాం, జీతం తగ్గినా సరే. సాంచెల పక్కన ఒక ఎత్తు పీట వేసుకున్నాడు.

నిన్న మోకాలు సలుపుతుంటే బాపు ఒక్కడే మెడికల్ షాపుకు పోయాడు. అక్కడి నుంచి నాకు ఫోన్ చేసి, స్ట్రిప్పు వెనుక అక్షరాలు ఒక్కొక్కటి కూడబలుక్కుంటూ చదివాడు. "పారాసిటమాల్ 650. దాని పక్కన ఇంకేం రాసి లేదు బిడ్డా, తీసుకోనా?" అని అడిగాడు.