హిరోషిమాకు మందులు చేర్చిన మార్సెల్ జూనో: పిల్లల చేత ఏ ఘట్టం చెప్పించాలి?

పర్లాకిమిడి టీచరు:
మే 8న రెడ్‌క్రాస్ దినోత్సవానికి మా బడిలోని తెలుగు పిల్లల చేత ఉపన్యాసం ఇప్పించాలి. రెడ్‌క్రాస్ స్థాపకుడు హెన్రీ డ్యూనాంట్ గురించి ఏటా చెప్పిస్తున్నాం కనుక, ఈసారి మార్సెల్ జూనోను ఎంచుకున్నాను. నా దగ్గరున్న ఒక ఒడియా కరపత్రం ఆయనను స్విస్ పాథాలజిస్టు (రక్తం, కణజాలం పరీక్షించి జబ్బు గుర్తించే వైద్యుడు) అంటోంది. అది నిజమేనా? ఆయన జీవితంలో పిల్లలు మరచిపోలేని ఘట్టం ఏది?

బరంపురం వైద్యుడు:
మాస్టారూ, స్విస్ అన్నది నిజమే గాని, ఆయన పాథాలజిస్టు కారు. 1904లో నూషాతెల్‌లో పుట్టిన శస్త్రవైద్యుడు, తరువాతి రోజుల్లో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వైద్యుడు. 1935లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ తరఫున ఇథియోపియా వెళ్లి, ఇటలీ విమానాలు చల్లిన మస్టర్డ్ గ్యాస్‌కు ఒళ్లు కాలిన మనుషులను కళ్లారా చూశారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఇరుపక్షాల మధ్య తిరిగి బందీల మార్పిడికి పాటుపడ్డారు. 1961లో మరణించేనాటికి ఆ కమిటీ ఉపాధ్యక్షులు.

చెప్పించవలసింది మాత్రం హిరోషిమాయే. నాగసాకిపై బాంబు పడిన 1945 ఆగస్టు 9నే ఆయన జపాన్‌లో అడుగుపెట్టారు. ఆగస్టు 30న సహచరుడు బిల్‌ఫింగర్ హిరోషిమా నుంచి తంతి పంపారు; ఊరు తుడిచిపెట్టుకుపోయిందని, ఆసుపత్రులలో నూటికి 80 నాశనమయ్యాయనో బాగా దెబ్బతిన్నాయనో అందులో ఉంది. ఆ తంతి పట్టుకుని జూనో అమెరికా సైన్యాధికారులను అడిగి, దాదాపు 15 టన్నుల మందులు, సామగ్రి సంపాదించి, సెప్టెంబరు 8న విమానంలో హిరోషిమా చేరారు.

గుణుపురం ల్యాబ్ టెక్నీషియన్:
ఆ మందులలో ప్లాస్మా (నెత్తురులోంచి కణాలు తీసేస్తే మిగిలే ద్రవం) కూడా ఉందని పిల్లల చేత తప్పక చెప్పించండి. ఆనాటి అమెరికా సైన్యం దానిని ఎండబెట్టి, పొడిగా సీసాలలో ఉంచేది. డిస్టిల్డ్ వాటర్ కలిపి నరంలోకి ఎక్కించేవారు. మంచుపెట్టె అక్కరలేదు, రక్తం గ్రూపు చూడనక్కరలేదు. కరెంటు పోతే రక్తం సంచుల గురించి బెంగపడే నాకు, కాలిపోయిన ఊరికి ఆ పొడి ఎంత విలువైనదో అర్థమవుతుంది.

రాయగడ పాఠకుడు:
హిరోషిమాపై బాంబు పడింది ఆగస్టు 6న. ఆ మందులు అందింది 33 రోజుల తరువాత, అవి ఇచ్చినది బాంబు వేసిన దేశమే. వీరగాథ మోజులో ఈ రెండు మాటలూ దాచవద్దని నా మనవి.

పర్లాకిమిడి టీచరు:
రెండూ చెప్పిస్తాను, బాబూ. కరపత్రంలోని తప్పు కూడా దిద్దుకున్నాను. ఉపన్యాసం ఇవ్వబోయే ఏడో తరగతి అమ్మాయి, ప్లాస్మాను తెలుగులో ఏమంటారని అడిగింది. నెత్తురులోని పసుపుపచ్చని నీరు అని రాయించాను.