కాలవ గట్టు మలుపుల్లో బండి వంచాలంటే భయం

రోజూ కొత్తపేట నుంచి అమలాపురం వెళ్తాను, 150 సీసీ బండి. తిన్నగా ఉన్నంతసేపూ రాజాలా పోతా. గట్టు మలుపు రాగానే చేతులు బిగుసుకుపోతాయి, చూపు కాలవ నీళ్ల మీదకే పోతుంది. వెనక కూర్చున్న మా బావ ‘ఎడ్లబండి నయంరా’ అంటున్నాడు. ఏం చెయ్యాలి?

జవాబు: కాలవని చూస్తే బండీ అటే పోతుందండి. మలుపు అవతల రోడ్డు ఎక్కడ కనిపిస్తే అక్కడ చూడండి. వేగం మలుపుకి ముందే తగ్గించి, తిరిగేటప్పుడు యాక్సిలరేటర్ ఒకేలా పట్టుకోండి. ఎడమకి తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని మెల్లగా ముందుకి నెట్టాలి. వింతగా ఉంటుంది గానీ బండి ఎడమకే వాలుతుంది. నేనూ నమ్మలేదు. ఓ ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద 30లో పోతూ నెట్టి చూశాక టెన్షన్ సగం పోయింది. మోచేతులు మాత్రం వదులుగా ఉంచండి.

జవాబు: కోతల రోజుల్లో ఈ విద్యలు వద్దు బాబూ. దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చూసి, మలుపు మధ్యలో ముందు బ్రేకు నొక్కా. చక్రం జారి మోచెయ్యి గీరుకుపోయింది. తప్పు నాదేలెండి. టైర్లలో గాలి చూసుకున్నారా?

ఇప్పుడే చూశానండి, వెనక టైరులో సగమే ఉంది! రేపు బావని ఇంట్లో వదిలేసి వెళ్తా.