ఓనర్ల ఫ్లాట్లు చూసుకునే పనిలో 12 నుంచి 70కి వచ్చాం, దెబ్బలన్నీ పెరిగేటప్పుడే తగిలాయి. మీ అనుభవాలు కూడా రాయండి

కొండాపూర్_తాళాలు:
అందరికీ నమస్కారం అండి. నేనూ మా తమ్ముడూ కలిసి కొండాపూర్, కొత్తగూడ, హఫీజ్‌పేట వైపు అమెరికాలో ఉండేవాళ్ల ఫ్లాట్లు చూసుకుంటాం, టెనెంట్‌ని పెట్టడం దగ్గర్నుంచి అద్దె వసూలు, రిపేర్లు, ఖాళీ చేయించడం దాకా అన్నీ మేమే. 2019లో మా బాబాయి స్నేహితులవి 12 ఫ్లాట్లతో మొదలైంది, ఇప్పుడు 70 దాటాయి. కొత్తగా వచ్చేవాళ్లు ఫ్లాట్లు ఎలా పెంచాలనే అడుగుతున్నారు, అందుకే ఇది రాస్తున్నా.

మొదటిది దూరం. అడిగినవాళ్లని కాదనలేక ఉప్పల్లో రెండు, బాచుపల్లిలో మూడు, శంషాబాద్ వైపు ఒకటి ఒప్పేసుకున్నాం. ఉప్పల్ ఫ్లాట్ అద్దె 18 వేలు, మాకు 5 శాతం అంటే నెలకి 900. అక్కడ గీజర్ పోయిందని ఫోనొస్తే మా ఎలక్ట్రీషియన్ అంత దూరం రానంటాడు, అక్కడి కొత్తతను 400 పనికి వెయ్యి అడుగుతాడు, నేనే బండి మీద వెళ్లొస్తే సగం రోజు అయిపోయేది. 2022లో ఆ ఆరూ వదిలేశాం. హఫీజ్‌పేటలో ఒకే గేటెడ్ కమ్యూనిటీలో ఒక్కొక్కటిగా 14 ఫ్లాట్లు పట్టాం, సెక్యూరిటీ నుంచి సంపు మోటర్ చూసే అతని దాకా అందరూ ఫోన్ ఎత్తుతారు, ఒకసారి వెళ్తే నాలుగు పనులు చూసుకుని వస్తాం.

రెండోది అడ్వాన్సు డబ్బు. ఇది ఎవరికీ జరగకూడదని రాస్తున్నా. టెనెంట్ల అడ్వాన్సులు మా కరెంట్ అకౌంట్లోనే పడేవి, బ్యాలెన్స్ నిండుగా కనపడేది, దాంట్లోంచే పెయింటర్లకీ మా ఇద్దరు కుర్రాళ్ల జీతాలకీ తీసేవాళ్లం. ఒక మే నెలలో నలుగురు ఒకేసారి ఖాళీ చేశారు, 2 లక్షల 10 వేలు తిరిగివ్వాలి, అకౌంట్లో 60 వేలు కూడా లేవు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి ఇచ్చాం. ఆవిడ ఒక్క మాట అనలేదు, గాజులు తీసి టీ గ్లాసు పక్కన పెట్టి లోపలికెళ్లిపోయింది. అప్పట్నుంచి అడ్వాన్సు నేరుగా ఓనర్ అకౌంట్‌కే, మా చేతికి రాదు.

మధురవాడ_వాసి:
అన్నా, అడ్వాన్సు విషయం చదువుతుంటే గుండె పట్టేసింది. మాది విశాఖ, 31 ఫ్లాట్లు. ఇక్కడ మా ప్రాణం తీసేది ఉప్పు గాలి. సముద్రం వైపు బాల్కనీ గ్రిల్స్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు చూస్తుండగానే తుప్పు పట్టేస్తాయి, ప్రతిసారీ ఓనర్‌ని అడిగితే మొన్నేగా ఇచ్చాను అంటారు. ఇప్పుడు ఓనర్ మా దగ్గర చేరేటప్పుడే ఒక నెల అద్దె రిపేర్ల కోసం విడిగా పెట్టించుకుంటున్నాం, 3 వేల లోపు పని అయితే అడక్కుండా చేసేసి బిల్లు, ఫొటో పంపుతాం, పైనైతే అడిగాకే. ఈ ఒక్క మార్పుతో ఫోన్లు సగం తగ్గాయి.

మియాపూర్_అద్దెఇల్లు:
నేను టెనెంట్‌ని, నా మాట కూడా వినండి. గతంలో ఉన్న ఫ్లాట్ ఖాళీ చేస్తే పెయింటింగ్ కింద నెల అద్దె పట్టుకున్నారు, సరే అది అగ్రిమెంట్లో ఉంది. కానీ కిచెన్ ప్లాట్‌ఫామ్ గ్రానైట్ పగిలిందని ఇంకో 12 వేలు కోశారు, అది మేం దిగినప్పుడే పగిలి ఉంది, పాలు పొంగించిన రోజు మా ఆవిడ ఆ పగులు పక్కనే స్టవ్ పెట్టింది కాబట్టి నాకు బాగా గుర్తు. రుజువేదీ అన్నారు. దయచేసి తాళం ఇచ్చే రోజే వీడియో తీసి ఇద్దరికీ పంపండి.

కొండాపూర్_తాళాలు:
మీకు జరిగింది అన్యాయం అండి. మేం ఇప్పుడు ప్రతి గది, కుళాయిలు తిప్పి, కరెంట్ మీటర్ రీడింగ్ కనపడేలా వీడియో తీస్తున్నాం. పాలంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఆషాఢం ముందు మంచి రోజని పాలు పొంగించి, సామాను మూడు వారాల తర్వాత తెచ్చారు ఒకళ్లు, అద్దె ఏ రోజు నుంచి అని ఓనర్‌కీ వాళ్లకీ పెద్ద గొడవ. ఇప్పుడు తాళం ఇచ్చిన తేదీ, అద్దె మొదలయ్యే తేదీ రెండూ రాయిస్తున్నాం.

లెక్కల_మనిషి:
అకౌంట్స్ చూస్తా కాబట్టి రెండు మాటలు. ఓనర్ ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా టెనెంట్ టీడీఎస్ పట్టాలి, అంటే అద్దెలోంచి పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి, మామూలుగా 30 శాతం, దాని మీద సెస్, దానికి పన్ను కోసేవాళ్లకి ఇచ్చే టాన్ నంబర్ కూడా తీసుకోవాలి. టెనెంట్‌కి ఇది ముందే చెప్పకపోతే రేపు నోటీసు వచ్చేది అతనికి, తిట్టేది మిమ్మల్ని. పన్ను తక్కువ రేటుకి పట్టేలా ఓనర్ ఇన్‌కం ట్యాక్స్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, ఆ పని చేయించి పెడితే వాళ్లు మిమ్మల్ని వదిలి ఇంకొకళ్ల దగ్గరికి పోరు. రెండోది, మీ ఫీజు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్, 18 శాతం. అద్దె కూడా మీ అకౌంట్ మీదుగా పోతుంటే ఏది మీది, ఏది ఓనర్‌దో కాగితం మీద చూపించగలగాలి.

డల్లాస్_నాన్న:
మాకు బాచుపల్లిలో ఒకటుంది. దాన్ని చూసుకునేవాళ్లని ముగ్గుర్ని మార్చాను. మాకు కావాల్సింది పెద్దగా ఏం లేదండి, నెలకోసారి అద్దె ఇంత, మెయింటెనెన్స్ ఇంత, రిపేరు ఇంత అని ఒక మెసేజ్. పై ఫ్లాట్ బాత్రూం నుంచి మా బెడ్రూం సీలింగ్‌కి నీళ్లు దిగుతున్నాయని నాకు ఎనిమిది నెలలకి తెలిసింది, అదీ టెనెంట్ చెప్తే. చెడ్డ వార్తయినా అదే రోజు చెప్పేవాళ్లకి ఫీజు ఎక్కువైనా ఇస్తాను.

గచ్చిబౌలి_కొత్తోడు:
అన్నా, నాకు 18 ఉన్నాయి, ఒక్కణ్నే. మనిషిని ఎప్పుడు పెట్టుకోవాలి?

కొండాపూర్_తాళాలు:
తమ్ముడూ, మాకైతే 25 దగ్గర మా ఇద్దరి వల్లా కాలేదు. ముందు రిపేర్లు చూసే మనిషిని పెట్టుకో, ఓనర్ల ఫోన్లు మాత్రం ఇంకో ఏడాది నువ్వే ఎత్తు. ఏప్రిల్ లోపే పెట్టుకో, స్కూళ్లు మారేవాళ్లు మే, జూన్‌లోనే ఖాళీ చేస్తారు, అప్పుడు నేర్పించే టైం దొరకదు. మా దగ్గర వాడే తాళం ఇచ్చే రోజు చెక్‌లిస్టు ఉంది, కావాలంటే పంపిస్తా.